భోజనశాల మూసిన చలికాలం

కెనడాలోని రెజైనా లైబ్రరీలో మా ఉమ్మడి వ్యవసాయం గురించి ఒక పలచని పుస్తకం ఉంది. వానలు లేక మూతపడిందని అందులో రాశారు. అది నిజం కాదు. మూసినవాళ్లలో నేనొకణ్ణి, అందుకే రాస్తున్నాను.

ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్ అనే ఉమ్మడి పల్లెల్లో కొన్నేళ్లు పనిచేసి వచ్చిన పది కుటుంబాలు ఇక్కడ భూమి కలిపి సాగుచేశాయి. గోధుమ, మసూర్ పప్పు, కొన్ని ఆవులు. ఎవరికీ జీతం లేదు. అందరికీ ఒకటే భోజనశాల. ఇళ్లలో వంటగదులు కావాలనే కట్టలేదు. పొయ్యి వేరుపడితే మనుషులూ వేరుపడతారని వాళ్ల నమ్మకం.

మేం చేరేటప్పటికి పదకొండు మందే ఉన్నారు, చాలామంది తర్వాత వచ్చినవాళ్లే. నేను ట్రాక్టర్లు బాగుచేసేవాణ్ణి, నా భార్య వంట. నా చదువు పదో తరగతితో ఆగింది. కానీ కిబ్బుట్జ్‌ల మీద లైబ్రరీలో దొరికినవన్నీ చదివానని గర్వంగా ఉండేది.

ఆ ఏడాది చలికాలంలో భోజనశాలలో హీటింగ్ పాడైంది. మార్చాలంటే ఆవుల్ని అమ్మాలి. మీటింగ్‌లో నేను లేచాను.

"కిబ్బుట్జ్‌ల్లో కూడా భోజనశాలలు మూసేశారు. మూశాకే నిలదొక్కుకున్నారు. పుస్తకాల్లో ఉంది."

"అన్నం కూడా పుస్తకాల్లోనే ఉడుకుద్దా?" నా భార్య పక్కనుంచి తెలుగులో గొణిగింది. "ఆంటీ ఎక్కడ తింటది?"

ఆంటీ అంటే ఆ మొదటివాళ్లలో మిగిలిన ఒకే ఒక్కావిడ. ఎనభై దాటాయి, ఒంటరి. మీటింగ్ నడిపేది ఆవిడే.

"హాట్‌ప్లేట్ కొనిస్తార్లే," అన్నాను.

మూసేద్దామన్నవాళ్లని ఆవిడ చేతులెత్తమంది. నేనూ ఎత్తాను. వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. "ఏడు. చాలు," అని కాగితం మీద రాసుకుంది.

అప్పట్నుంచి ఎవరి ఇంట్లో వాళ్లు డబ్బా సూపులు, బ్రెడ్డు తిన్నాం. నా భార్య మాత్రం చిన్న కరెంటు హాట్‌ప్లేట్ మీద వండి రోజూ ఆంటీకి పప్పన్నం పట్టుకెళ్లేది. జనవరిలో తనకి ఫ్లూ వచ్చి మూడు రోజులు లేవలేదు.

"ఆంటీకి ఇచ్చొచ్చావా?" అని మంచం మీంచే అడిగింది.

"ఎవరో ఒకరు ఇచ్చే ఉంటార్లే, పడుకో," అన్నాను.

నాలుగో రోజు నేను వెళ్తే ఆంటీ గుమ్మం ముందు మంచు మీద ఒక్క అడుగు గుర్తూ లేదు. ఆవిడ బాత్రూం దగ్గర పడి ఉంది, ప్రాణం లేదు. పడిన రోజే పోలేదని డాక్టర్ చెప్పాడు.

భోజనశాల ఉన్నప్పుడు పొద్దున ఏడున్నరకి ఒక కుర్చీ ఖాళీగా కనిపిస్తే ఎనిమిదికల్లా ఎవరో వెళ్లి తలుపు తట్టేవారు. ఆ పని డ్యూటీ బోర్డు మీద ఎప్పుడూ రాయలేదు.

తర్వాత నేను మీటింగ్‌లో చెప్పిన కిబ్బుట్జ్ పుస్తకం మళ్లీ తెచ్చుకున్నాను. అక్కడ భోజనశాలలు మూయడానికి చాలా ముందే ఇళ్లలో వంటగదులు కట్టుకున్నారు. అంతకు ముందు అధ్యాయంలోనే ఉంది. నేను నాకు కావలసింది మాత్రమే చదివాను. మంచు కరిగాక భూమి అమ్మేశాం.

పేర్లు రాయొద్దని అందరూ అడిగారు. గడువు దాటినా విసుక్కోకుండా పుస్తకాలిచ్చిన లైబ్రేరియన్‌కీ, ఆంటీ తన చేత్తో "ఏడు" అని రాసిన కాగితాన్ని దాచి నాకిచ్చిన, మా ఆవుల పాలు పితికే ఆయనకీ కృతజ్ఞతలు. ఇది రాయమన్నది నా భార్య.

"నీ చెయ్యి సంగతి కూడా రాయి," అంది.

రాశాను.