లోయర్ బెర్త్ అంకుల్

అమెరికాలో, పిస్కాటవేలో మా పక్కింటి అంకుల్‌కి అరవై ఎనిమిదేళ్లకు కొండలెక్కాలనిపించింది. న్యూహాంప్‌షైర్ కొండల మీద ఒక గుడిసె నుంచి మరో గుడిసెకు మూడు రోజుల నడక. పొద్దుగూకేసరికి ఏ గుడిసె చేరితే అక్కడే భోజనం, పడక. నలభై దాటని కుర్రాణ్ణి కదా, ఏదైనా అయితే మోస్తానని నన్ను తోడు రమ్మన్నారు.

చలికాలమంతా ప్లానింగే. వాన, ఎలుగుబంట్లు, మోకాళ్లు ఆయన్ని కలవరపెట్టలేదు. అక్కడ ఒకదానిపై ఒకటి ఉండే బంకు మంచాలేనని తెలిసినప్పుడు మాత్రం కంగారుపడ్డారు. వెంటనే గుడిసెల బుకింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి, సీనియర్ సిటిజెన్‌కి లోయర్ బెర్త్ కన్ఫర్మ్ చేయమన్నారు. ముందొచ్చినవాళ్లదే కింది మంచమని అవతలి అమ్మాయి మర్యాదగా చెప్పింది. మర్నాడు మళ్లీ చేశారు, చార్ట్ ఎప్పుడు ప్రిపేరవుతుందని.

“అంత కొండ ఎక్కేవారికి నాలుగు మెట్ల నిచ్చెన ఒక లెక్కా అంకుల్?” అన్నాను.

“కొండైతే ఆగి ఆగి ఎక్కొచ్చయ్యా. రాత్రి బాత్రూమ్‌కి ఆగి ఆగి వెళ్తామా?”

తీరా వెళ్లాక, మొదటి రోజే ఆయన జనరల్ బోగీ ఎక్కేవాడిలా అందరినీ దాటుకుని పోయారు. మోకాలు పట్టేసి, రెండు కర్రల మీద వేలాడుతూ ఈ కుర్రాడు గుడిసె చేరేసరికి గంటన్నర ఆలస్యం. ఒక కింది మంచం మీద కర్చీఫ్ పరిచి ఉంది. అదేమిటో అర్థంకాక అమెరికన్లు దాని చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

అంకుల్ నా కాలు చూశారు. కర్చీఫ్ తీసి పై మంచం మీదికి విసిరి, నిచ్చెన పట్టుకున్నారు.

“రాత్రి దిగేటప్పుడు నీ మీద కాలు పడుతుంది. తిట్టుకోకు.”

మూడుసార్లు పడింది. మూడుసార్లూ నిద్రపోతున్నట్టే ఉండిపోయాను.