ఆఖరి పాలు

డాక్టర్ హిమజ గారి పేరు ఎత్తితే మా పశుపోషణ విభాగంలో పెద్దలు మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. ఆవిడ లాబ్‌లో తొమ్మిదేళ్లు సీసాలు కడిగి, పాలు పరీక్షించినవాణ్ణి నేను. ఆవిడ గురించి చెప్పే హక్కు వాళ్లకంటే నాకే ఎక్కువ.

అమలాపురంలో వేదం చెప్పుకునే ఇంట్లో పుట్టి, గేదె ఏం తింటే పాలలో వెన్న ఎంత వస్తుందో తేల్చడానికి పాతికేళ్లు ధారపోశారు. కొబ్బరి చెక్క, తవుడు, ఎండుగడ్డి తూచి మరీ పెట్టించేవారు. అలా మలికిపురం చుట్టుపక్కల అరవై ఇళ్ల గేదెల పాలు పరీక్షిస్తే, మేత బాగానే ఉంది గానీ వెన్న రావలసినంత లేదు. నీళ్లు కలిపిన జాడా లేదు. అప్పుడు హిమజ గారూ, ఆవిడ పై ప్రొఫెసర్ నారాయణమూర్తి గారూ కలిసి తమ వ్యాసంలో ఒక వాక్యం రాశారు: రైతులు మీగడ తీసి పాలు పోస్తూ ఉండవచ్చు.

పాలకేంద్రం దాకా వచ్చేసరికి ఆ ‘ఉండవచ్చు’ ఊడిపోయింది. కేంద్రం నడిపే అమ్మిరాజు ఆ కాగితం గోడకు అంటించి, ఆ అరవై ఇళ్లలో ఒకరైన వెంకటరమణమ్మ బిందెను పదిమంది ముందు వెనక్కి తిప్పాడు. ఆవిడకున్నది ఒక్క గేదె. అంతవరకు ఎవరిచేతా మాట పడని మనిషి. మర్నాటి నుంచి ఆవిడ పాలలో వెన్న పెరిగింది.

“చూసేరా, దారికొచ్చింది,” అన్నాడు అమ్మిరాజు. మన వ్యాసం పనిచేసిందని నారాయణమూర్తి గారు మురిసిపోయారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వెన్న ఎందుకు పెరిగిందో చూద్దామని హిమజ గారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. వెంకటరమణమ్మ పాకలో దూడ డొక్కలు ఎండిపోయి నిలబడలేకుండా ఉంది.

“దూడకి పాలు వదలట్లేదాండీ?” అని అడిగారు హిమజ గారు.

“వదిలేదాన్నండి. మా అత్తగారి కాలం నుంచీ ఆఖరి పాలు దూడవేనండి. ఇప్పుడు చివరి బొట్టు దాకా పిండేస్తన్నానండి. దొంగ అనిపించుకోలేక.”

పొదుగులో వెన్న ఎక్కువగా ఉండేది ఆఖరి పాలలోనే. మొదటి ఏడాది పిల్లలకు హిమజ గారే చెప్పే పాఠం అది. ఆ అరవై ఇళ్లలో వెన్న తిన్నది దూడలు. మేం దొంగతనం అంటగట్టింది వాటిని బతికించిన ఆడవాళ్లకి. సిగ్గులేని చదువు మాది.

వ్యాసం వెనక్కి తీసుకుందామని ఆవిడ ఆ మధ్యాహ్నమే నారాయణమూర్తి గారిని అడిగారు.

“తొందరెందుకమ్మా, సవరణ సంగతి తరవాత చూద్దాం,” అన్నారాయన.

“ఆ దూడ తరవాత దాకా ఉండదండి.”

వ్యాసం అచ్చేసిన పత్రికకు ఆవిడ తన ఒక్కరి సంతకంతోనే తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు. రావలసిన పదోన్నతి దాంతో ఆగిపోయింది. ఉత్తరం రాసిన మర్నాడు పొద్దున్నే పాలు పోసేవేళ కేంద్రానికి వెళ్లి, గోడమీది కాగితం చింపేసి, ఆ ఉత్తరం అందరిముందూ చదివారు. “ఆయ్,” అని అమ్మిరాజు తల దించుకున్నాడు.

వెంకటరమణమ్మ అంతా విన్నది.

“ఆ రోజు పరీక్షకి పాలు తీసుకోడానికొచ్చి, సీసా పట్టుకుని నా పక్కనే కూర్చున్నారు కదండీ. ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని. ఎందుకు అడగలేదండీ?”



“అబద్ధం చెబుతారనుకున్నానండి,” అన్నారు హిమజ గారు.

వెంకటరమణమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.