కిటికీలోంచి వచ్చే గిన్నె

మొన్న ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ కరెంటు పోయింది. ఉక్కకు తట్టుకోలేక, ఏళ్ళ తరబడి మూసి ఉంచిన పడకగది కిటికీని బలంగా తోసి తెరిచాను. ఎదురుగా చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో పక్క హాస్టల్ గోడ, దాని నిండా ఏసీ డబ్బాలు, జనరేటర్ మీద నడుస్తూ అవి మొహాన కొట్టిన వేడిగాలి. మీ ఇళ్ళ దగ్గరా ఇదే వరసేమో. నాకు మాత్రం ఆ గాలి తగలగానే చిరాకు కంటే ముందు పక్కింటి పిన్నిగారు గుర్తొచ్చారు, సిగ్గేసింది.

సాఫ్ట్‌వేర్ కోర్సులకని కుర్రకారంతా అమీర్‌పేటకు ఎగబడుతున్న రోజుల్లో నేను అక్కడే జావా పాఠాలు చెప్పేదాన్ని, మావారికి పంజాగుట్టలో ఉద్యోగం. బల్కంపేట వైపు వెళ్ళే సందులో మేడ మీద వాటాలో ఉండేవాళ్ళం, ఇప్పుడూ అక్కడే ఉన్నాం, కాకపోతే కొనుక్కున్నాం. మా మేడకీ పక్క మేడకీ మధ్య వదిలిన ఖాళీ రెండు మూరలకు మించదు గానీ, సాయంత్రమైతే అందులోంచి ఎంత చల్లటి గాలి వచ్చేదో! మా కిటికీకి ఎదురుగా పిన్నిగారి కిటికీ, ఆవిడకు ఆయాసం కాబట్టి దాని పక్కనే మంచం. ఊచల మధ్యలోంచి ఆవిడ సర్వపిండి ముక్కలు గిన్నెలో పెట్టి అందిస్తే, గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కనుక నేను గోంగూర పచ్చడో పులిహోరో పెట్టి తిరిగి అందించేదాన్ని.

జీతం పెరిగిన ఏడాది, మా పసిపాపకు ఒళ్ళంతా చెమటకాయలు పేలుతుంటే, పట్టుబట్టి ఏసీ కొనిపించాను. బయటి డబ్బా వీధివైపు పెడితే ఇంటి అందం చెడుతుందన్నారు అప్పటి ఇల్లుగలవారు. ఇక మిగిలింది రెండు మేడల మధ్య ఉన్న ఆ సందే. మొహమాటపడుతూ కిటికీ దగ్గర నిలబడి అడిగితే, “పసిపిల్ల చల్లగ పండాలె బిడ్డా, నా ఫికర్ చెయ్యకు, గాలికి నాకు గదొక్క కిటికీయేనా?” అన్నారు పిన్నిగారు. ఆ గదికి ఉన్నది అదొక్కటే. నాకూ తెలుసు, అయినా బతికిపోయాననుకుని మెకానిక్‌కి సరేనని చెప్పేశాను.

చల్లదనం పోకూడదని మేం కిటికీ మూశాం, వేడి భరించలేక ఆవిడా మూసుకున్నారు. ఆ తర్వాత ఒకే ఒక్కసారి గిన్నె మా ఇంటికొచ్చింది, వీధి చుట్టూ తిరిగి, మెట్లెక్కి. పై మెట్టు మీద కూలబడి ఊపిరి కూడదీసుకుంటున్న ఆవిడను చూసి కూడా నేను ఏసీ మాట ఎత్తలేదు. గోంగూర తెచ్చి పచ్చడి చేసి గిన్నె తిరిగి ఇద్దామనుకుంటూ, బ్యాచ్‌ల హడావిడిలో రేపు రేపంటూ జరిపాను. ఆలోగా ఆయాసం ముదిరి, మాసబ్ ట్యాంక్ నుంచి కూతురు వచ్చి ఆవిడను తీసుకెళ్ళిపోయింది. రోడ్ల తవ్వకాల దుమ్ము, బండ్ల పొగ వల్లనే ఇదంతా అని డాక్టర్ అన్నారట. ఆ మాట విని నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పటికీ అది తలుచుకుంటేనే నామీద నాకు అసహ్యం వేస్తుంది.

పిన్నిగారు మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. మేడ పడగొట్టి కట్టిన హాస్టల్, ఉన్న రెండు మూరల్లో ఒకటి మింగేసింది. అప్పట్లో సందులోంచి గాలీ వచ్చేది, గిన్నే వచ్చేది. ఇప్పుడు ఎవరి గది వాళ్ళం చల్లబరుచుకుని, ఆ వేడి పక్కవాళ్ళ మొహాన పోస్తున్నాం, అందరం కలిసి ఊరంతా పొయ్యి చేసుకుని ఎండలు ముదిరాయని వాపోతున్నాం. ఆవిడ పేరు చెక్కిన స్టీలు గిన్నె మా వంటింట్లో ఇంకా ఖాళీగానే ఉంది.

ఇంత ఆలోచించానా, కరెంటు వచ్చింది. లేచి కిటికీ మూసి, ఏసీ వేసుకున్నాను.