తువ్వాలు కింద చెయ్యి

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడు కూడా లోపలి గదిలోకి ఒక్కదాన్నే పోయి అగ్గిపెట్టె తెచ్చేదాన్ని. పైగా చదివింది ఇంజనీరింగ్. కొలిచి, లెక్క కట్టి చూపిస్తే తప్ప దేన్నీ ఒప్పుకోవద్దని నేర్పే చదువు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నమ్మి చెబుతున్నానని అనుకోవద్దు. జరిగింది కాబట్టి చెబుతున్నాను. ఇందులో భయం తక్కువ, కుళ్లు ఎక్కువ. అది కూడా ముందే చెప్పేస్తున్నా.

మాది ఆదోని. పత్తి వ్యాపారం. మా తాత, అంటే నాన్న వాళ్ల నాన్న, మార్కెట్ యార్డులో పేరున్న మనిషి. ఆయన కాలంలో బేరాలు నోటితో చేసేవాళ్లు కాదట. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పుకొని, దాని కింద వేళ్లు పట్టుకొని చెప్పుకొనేవాళ్లు. ధర ఏ వందల్లో నడుస్తోందో ఇద్దరికీ తెలుసు. ఆ పైన ఎంత అన్నదే వేళ్లు చెబుతాయి. మూడు వేళ్లు పట్టుకుంటే మూడు. చెయ్యంతా పట్టుకుంటే ఐదు. చెయ్యంతా పట్టి, వదిలి, మళ్లీ ఒక వేలు పట్టుకుంటే ఆరు. చుట్టూ నిలబడ్డవాళ్లకు రెండు ముఖాలు తప్ప ఏమీ కనిపించదు.

తాత కుడిచేతి ఉంగరం వేలికి కొస లేదు. వయసులో ఉన్నప్పుడు పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో పోయిందట. ఆ మొండి వేలు పట్టుకొనే నేను బడికి పోయేదాన్ని.

ఆ వేళ్ల మాటలు నాకూ నేర్పమని ఎన్నిసార్లు బతిమాలానో. "నీకెందుకు తల్లీ అవి, నువ్వేమన్నా యార్డుకొచ్చి కూర్చుంటావా," అని నవ్వేవాడు. మా చిన్నాన్న కొడుకును మాత్రం ఒళ్లో కూర్చోబెట్టుకొని నేర్పాడు. వాడు ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు, అందులో ఒక్క ముక్క కూడా గుర్తు లేదంటాడు. అంకెల వరకు నేను చాటుగా విని తెలుసుకున్నాను. మిగతా గుర్తులు తెలియవు. ఆ మంట నాకు అప్పటినుంచీ ఉంది.

నా ఇంటర్ అయిపోయిన ఎండాకాలంలో తాత పోయాడు. ఆ ఏడే ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్య రోడ్డు మీదున్న ఒక కాలేజీలో చేరాను.

మొదటి సెమిస్టరులో ఇంజనీరింగ్ ఫండమెంటల్స్ అని ఒక సబ్జెక్టు ఉండేది. సమస్యను ఎలా పట్టుకోవాలి, ఎలా విప్పాలి అన్నదే అందులో పాఠం. ఆ సార్‌కు ఒక పట్టుదల. ఏ సమస్య ఇచ్చినా ముందు తెలిసినవి రాయాలి, కనుక్కోవాల్సింది రాయాలి, బొమ్మ గీయాలి. తర్వాత క్యాలిక్యులేటర్ బోర్లించి పెట్టి, ఒకే ఒక అంకెలో అంచనా చెప్పాలి. సున్నాలు ఎన్నో బుర్ర పెట్టి ఆలోచించుకోండి, ముందుండే అంకె మాత్రం ధైర్యంగా చెప్పండి అనేవారు. అందరి అంచనాలూ బోర్డు మీద రాసిన తర్వాతే లెక్క చేయించేవారు. అందరికంటే దగ్గరగా చెప్పినవాళ్లను నిలబెట్టి చప్పట్లు కొట్టించేవారు.

మొదట్లో ఆ చప్పట్లు నావి. తర్వాత లావణ్యవి అయిపోయాయి.

లావణ్య ఎమ్మిగనూరు పిల్ల. నా బెంచీలో, నా పక్కనే కూర్చునేది. వాళ్ల నాన్న మగ్గం నేస్తాడు. నెమ్మదైన మనిషి, ఎవరి జోలికీ పోదు. లెక్కల్లో నాకన్నా తక్కువే, అబద్ధమెందుకు చెప్పాలి. యూనిట్లు మార్చాల్సి వస్తే నన్నే అడిగేది. కానీ సార్ అంచనా అడిగారంటే చాలు, కాసేపు తల వంచుకొని కూర్చొని అంకె చెప్పేది. అదే వచ్చేది.

మిద్దె మీది ట్యాంకులో నీళ్లు ఎన్ని లీటర్లు, అది ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది, ఇట్లాంటివి పోనీలే అనుకున్నాను. ఒకరోజు పత్తి లోడు లారీ ఎంత తూగుతుందని అడిగారు. పత్తి లారీ. మా ఇంటి ముందు నిలబడే లారీ. నేను నాలుగు టన్నులన్నాను. తను ఏడంది. ఏడే వచ్చింది. నా ఒళ్లు ఎంత మండిందంటే ఆ పూట టిఫిన్ బాక్సు మూత కూడా తీయలేదు. లావణ్య ముఖం చూడబుద్ధి కాలేదు.

ఫోను దాచి చూస్తోందని నాకు గట్టి అనుమానం. ఎందుకంటే అంచనా చెప్పేటప్పుడల్లా దాని ఎడమ చెయ్యి ఒళ్లో, తువ్వాలు కింద ఉండేది. ఆ తువ్వాలు నేనిచ్చిందే. కాలేజీ మొదలైన కొత్తలో ఒకరోజు పెద్ద వాన. లావణ్య బస్సు దిగి తడిసి ముద్దయి వచ్చింది. మా అమ్మ నా టిఫిన్ బాక్సు చుట్టి పంపిన పాత తువ్వాలు విప్పి, తల తుడుచుకోమని ఇచ్చాను. మర్నాడు ఉతికి తెచ్చింది. ఉంచుకోలే అన్నాను. దానికి అరచేతులకు చెమట ఎక్కువ, అందుకే క్లాసులో ఒళ్లో వేసుకునేది.

అది మా తాత తువ్వాలు. ఇంట్లో అట్లాంటివి బోలెడున్నాయి కదా అని నేను లెక్కచేయలేదు.

ఇక ఒక మధ్యాహ్నం ఆగలేకపోయాను. సార్ బోర్డు వైపు తిరిగి ఉన్నారు. ఫ్యాను తిరుగుతోంది. కిటికీల్లోంచి ఎండ బెంచీల మీదికి పడుతోంది. ఈరోజు దొరికిపోతావే అనుకుంటూ తువ్వాలు పట్టి ఒక్క గుంజు గుంజాను.

ఫోను లేదు. చీటీ లేదు. చెయ్యి ఒక్కటే ఉంది. దాని నాలుగు వేళ్లు ఒకదానికొకటి నొక్కుకుపోయి, ఎవరో గుప్పిట్లో పట్టుకున్నట్టు కొంచెం పైకి లేచి ఉన్నాయి. బొటనవేలు విడిగా ఉంది. నేను చూస్తుండగానే ఆ నాలుగూ వదులై ఒళ్లో పడ్డాయి. వేళ్ల మీద నొక్కిన చోట చర్మం తెల్లబడి, మెల్లగా మళ్లీ రంగు తిరిగింది. లావణ్య సార్‌కు నాలుగు అని చెప్పింది. లెక్క చేస్తే నాలుగే వచ్చింది.

సాయంత్రం కాలేజీ ముందు, తను రోడ్డు దాటి ఎమ్మిగనూరు బస్సు వైపు పోకముందే పట్టుకున్నాను. అప్పుడు చెప్పింది.

"నవ్వొద్దు మే. తువ్వాలు కింద సెయ్యి పెడితే ఎవురో పట్టుకుంటాండారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత సెప్తాండా. ముసలాయన సెయ్యి. ఉంగరం వేలు మాత్రం పొట్టి."

మొదట్లో జ్వరమొచ్చేంత భయమేసిందట. ఇప్పుడైతే సొంత తాత పక్కన కూర్చున్నట్టే ఉంటుందట.

లావణ్య మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. గోడకున్న ఫోటోలో తాత ముఖమే ఉంటుంది, చేతులుండవు. ఆ వేలి సంగతి గానీ, యార్డు బేరాల సంగతి గానీ కాలేజీలో నేనెవరికీ చెప్పలేదు. ఇవన్నీ తర్వాత కూర్చొని ఒక్కొక్కటిగా సరిచూసుకున్నాను.

ఆ క్షణంలో మాత్రం నాకు భయం వేయలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. సొంత తాతట. నా తాత. అప్పుడు చిన్నాన్న కొడుకుకు, ఇప్పుడు దీనికి. మధ్యలో నేనేం పాపం చేశాను? తువ్వాలు ఇచ్చెయ్ అన్నాను. మారుమాట లేకుండా మడిచి ఇచ్చింది.

ఆదోని బస్సులో కూర్చోగానే ఒళ్లో వేసుకొని కింద చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. క్లాసులో పెట్టాను. లేదు. మిట్టమధ్యాహ్నం మా ఇంటి ముందరి అంగట్లో తాత కూర్చునే పరుపు మీద కూర్చొని పెట్టాను. ఒక్క వేలు పట్టుకో తాతా, చాలు, అని పైకే అడిగాను. చెయ్యి చెమట పట్టింది, అంతే. క్లాసులో లావణ్య అంచనాలు అందరివిలాగే అయిపోయాయి. చప్పట్లు తిరిగి నాకే వచ్చాయి. ఏం చేసుకోను వాటిని?

సెమిస్టరు ఆఖరి క్లాసు అయిపోయి అందరూ లేచిపోయాక లావణ్యను ఆపాను. తువ్వాలు దాని ఒళ్లో వేశాను. అంకె అడగొద్దు, నా దగ్గరికి ఎందుకు రాడో అడుగు అన్నాను. అది నావైపు జాలిగా చూసింది. ఆ జాలికి ఇంకా మండింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మెల్లగా వచ్చినాడంది. ఇంకాసేపటికి, ఇది అంకె కాదు, ఇట్లా ఎప్పుడూ పట్టుకోలేదంది. ఎట్లా పట్టుకున్నాడో అట్లాగే నాకు పట్టి చూపించమన్నాను.

లావణ్య నా చెయ్యి తువ్వాలు కిందికి లాక్కుంది. నా ఐదు వేళ్లూ లోపలికి మడిచి, ఆ పిడికిలి మొత్తం తన అరచేత్తో కప్పి, గట్టిగా పట్టుకొని, వదిలేసింది. అంతే. నాకు ఏమీ అర్థం కాలేదు. తువ్వాలు తిరిగి ఇస్తూ, ఇంక రాడేమో అని మాత్రం అంది.

ఇంటికి పోయేసరికి నాన్న అంగట్లో ఒక్కడే ఉన్నాడు. ఏమీ చెప్పకుండా పక్కన కూర్చొని, ఆయన చేతి మీద తువ్వాలు కప్పి, వేళ్లు మడిచి, పిడికిలి కప్పి పట్టుకున్నాను.

నాన్న ముఖం మారిపోయింది. "ఎవరు నేర్పించినారమ్మా నీకు ఇది?"

ముందు అర్థం చెప్పమన్నాను. చెప్పాడు. అది యార్డు గుర్తు కాదట, తాత ఒక్కడే వాడేదట. ఎప్పుడైనా మేలురకం సరుకు వచ్చి, కొనేవాళ్లు వదలకుండా వెంటపడితే అట్లా పట్టుకునేవాడట. మా చిన్నాన్న కొడుకుకు కూడా అది నేర్పలేదట.

"బేరానికి పెట్టింది కాదు, ఇంటిది అని అర్థం," అన్నాడు నాన్న.

ఎవరు నేర్పారని మళ్లీ అడిగాడు. నేను లేచి పెరట్లోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఆ తర్వాత లావణ్యకు గానీ నాకు గానీ అట్లాంటిది మళ్లీ ఏదీ జరగలేదు. ఒకరిద్దరికి చెబితే వేళ్లకు తిమ్మిరి పట్టి ఉంటుందన్నారు, అంచనాలు కాకతాళీయం అన్నారు. కావచ్చు. తిమ్మిరికి ఉంగరం వేలు పొట్టిగా ఉంటుందా అని అడిగితే మాట మార్చేస్తారు.

తువ్వాలు ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. అప్పుడప్పుడు తీసి ఒళ్లో వేసుకుంటాను. తాత నన్ను ఇంటిదాన్నని అన్నాడు, సంతోషమే. కానీ ఆ మాట నాకు చెప్పడానికి కూడా లావణ్య చెయ్యే ఎందుకు కావాల్సి వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. మొన్న దాని పెళ్లికి పోయి గాజులు తొడుగుతూ, ఆ ఎడమచేతి వేళ్ల వైపే చూస్తూ ఉండిపోయాను.