మందు బందులో వచ్చిన సోలాపూర్ జంట

ఎన్నికలొస్తే మా వీధి ఆడవాళ్లకు ఒక సంతోషం ఉండేది. ఓటుకు ముందు నుంచే వైన్‌షాపులు, బార్లు, కల్లు దుకాణాలు అన్నీ మూసేస్తారు. ఎవరు గెలిస్తే మాకేం ఒరుగుతుందో తెలియదు గానీ, ఆ సాయంత్రాలు మగవాళ్లు తిన్నగా ఇంటికొచ్చి అన్నం వేడిగా ఉండగానే తినేవారు. మా ఆయన కూడా అంతే. ఆ రోజుల్లో ఆయన మాట మెత్తగా ఉండేది.

మేం నాగార్జునసాగర్‌లో చిన్న భోజన హోటల్ నడిపేవాళ్లం. పైన మూడు గదులు టూరిస్టులకు కిరాయికి ఇచ్చేవాళ్లం. వంట నాది, గదులు, బజారు పని ఆయనది. వచ్చేవాళ్లలో సగం మంది డ్యామ్ చూడటానికి వస్తే, మిగతా సగం డ్యామ్ పేరు చెప్పి సీసా ముందు పెట్టుకుని చేప వేపుడు తినడానికి వచ్చేవారు. అందుకని బంద్ అంటే ఆయనకు దిగులు. వచ్చినవాళ్లు గది తాళం చేతికి తీసుకోకముందే "వైన్స్ ఏడుంది?" అని అడిగేవారు. మూసేశారంటే కొందరు బ్యాగులు దించకుండానే కారు తిప్పుకునేవారు.

తెలంగాణ వచ్చాక జరిగిన ఒక అసెంబ్లీ ఎన్నికలప్పటి మాట ఇది. చలికాలం. ప్రచారం ముగిసి మైకులు ఆగిపోయిన సాయంత్రం, బజారులో షట్టర్లు దిగుతుండగా, ఒక జంట మా హోటల్ ముందు ఆటో దిగింది. ఇద్దరికీ నలభై దాటి ఉంటాయి. సోలాపూర్ నుంచి వచ్చామన్నారు. వాళ్ల తాతలు పాలమూరు నుంచి మగ్గాల పనికి అటు వలసపోయిన వాళ్లట. వాళ్ల తెలుగు మా అవ్వ మాట్లాడినట్టుండేది, నడుమ నడుమ మరాఠీ పడేది. ఆయన పొడుగ్గా, నవ్వుముఖంతో ఉన్నాడు. ఆమె సన్నగా, కళ్లకింద నలుపుతో, ఎక్కడికి పోయినా చేతిసంచి వదలకుండా ఉంది.

మా ఆయన ముందే చెప్పాడు. "అన్నా, ఎలక్షన్లు. మందు దొర్కది. మళ్ల మమ్ముల అనొద్దు."

సోలాపూర్ ఆయన నవ్వి, "మేం డ్యామ్ జూడనీకి వచ్చినం భాయ్" అన్నాడు. నాకు ముచ్చటేసింది. అట్లా అన్న మగ టూరిస్టును అంతకుముందు చూసిన గుర్తు లేదు.

మరునాడు పొద్దున ఆమె ఒక్కతే వంటింట్లోకి వచ్చి, అడగకుండానే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. కాసేపటికి తానే మొదలుపెట్టింది.

"అక్కా, ఈడ నిజంగనే ఏడ దొర్కదా?"

"ఏంది?"

"మందు."

ఈమెకెందుకు ఆ సంగతి అనుకున్నాను. దొరకదన్నాను. ఎప్పుడూ చాటుగా అమ్మే కిరాణం బెల్టుషాపు ఆయన కూడా ఈసారి తనిఖీలకు భయపడి సరుకంతా తీసేశాడని చెప్పాను. ఆమె పెద్దగా ఊపిరి వదిలింది.

"గందుకే గీ తారీఖులు చూసి టికెట్లు తీసిన. మా దగ్గర ఎలక్షన్లు లెవ్వు, గల్లీ గల్లీకి దొరుకుతది. గీడ ఎవ్వరూ ఎర్కలేరు, దుకాణాలు బంద్. రెండు దినాలు ఆగిండంటే, నేను గూడ ఆగగల్గుత అని ఆయనకే తెలుస్తది. సూట్‌కేస్‌ల పెట్టుకున్న సీసా గూడ నేనే తీసేసిన."

ఆయన పొద్దున లేచింది మొదలు తాగుతాడట, ఏళ్లుగా. మిల్లులో పని రెండుసార్లు పోయిందట. ఎన్నికల బందును ఇట్లా కూడా వాడుకోవచ్చని నాకెప్పుడూ తోచలేదు. ఆమె తెలివిని మెచ్చుకున్నాను. "మంచి పని చేసినవ్ చెల్లె" అన్నాను. ఇద్దరం దొంగచాటు పని చేసిన పిల్లల్లా నవ్వుకున్నాం.

ఆ రోజు వాళ్లు డ్యామ్ చూసొచ్చారు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన చెమటలు కక్కుతున్నాడు. చలికాలమాయె. మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా పళ్లెంలోకి ఒలికిపోయింది. పక్క బల్ల మీద హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఉన్నారు. బ్రిడ్జి దాటి ఆంధ్ర వైపు పోతే దొరుకుతుందా అని మా ఆయనను అడుగుతున్నారు. సరిహద్దు దగ్గరి దుకాణాలు అటు కూడా మూయించారు, ఇంకా లోపలికి పోవాలి, మర్లి వచ్చేటప్పుడు చెక్‌పోస్టులో పట్టుకుంటారు అని ఆయన చెప్తున్నాడు.

"మరి ఊళ్లల్ల ఇంటింటికి పంచుతున్నరంట గదా?" అన్నాడు ఒక కుర్రాడు.

"గది ఓటున్నోళ్లకు తమ్మీ. ఓటు లేనోళ్లకు సీసా ఎవరిస్తరు?" అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. సోలాపూర్ ఆయన నవ్వలేదు. అన్నం సగంలో వదిలి లేచిపోయాడు.

సాయంత్రం ఆయన ఒక్కడే బ్రిడ్జి వైపు నడిచి వెళ్లడం చూశాం. ఆమె మెట్ల మీద కూర్చుని రోడ్డు వైపే చూస్తూ ఉంది. చీకటి పడకముందే ఆయన వట్టి చేతులతో తిరిగొచ్చాడు. పోలీసులు ఉండి ఉంటారు, అందుకే వచ్చేశాడు అనుకున్నాం. ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కి, "ఒక్క దినమైపాయె" అంది.

ఓటు రోజు పొద్దున నేను వంట తొందరగా ముగించి చీర మార్చుకుంటుండగా పైనుంచి ఆమె కేక వినిపించింది. పరుగున వెళ్లాను. ఆయన మంచం మూల ముడుచుకుని, గోడ మీద ఏవో పాకుతున్నాయని చేత్తో దులుపుతున్నాడు. ఆమెను చూసి ఎవరో అనుకున్నట్టు అరిచాడు. మా ఆయన వెళ్లి భుజాలు పట్టుకుని కూర్చోబెట్టబోతే, ఒళ్లంతా కొయ్యబారి కొట్టుకుని, నోట నురగతో కింద పడ్డాడు.

పక్కకు తిప్పి పడుకోబెట్టాం. ఆ వణుకు ఆగినా తెలివి రాలేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే దూరంలో ఉంది, వస్తుందన్నారు. దవాఖాన ఎక్కువ దూరం కాదు గానీ బండి ఒక్కటి లేదు. ఆటోలన్నీ ఓటర్లను తోలుతున్నాయి. మా ఆయన రోడ్డు మధ్యకు పోయి చేతులు చాపి నిలబడ్డాడు. తండా నుంచి వస్తున్న ఆటో ఒకటి ఆగింది. దాని నిండా ముసలివాళ్లు. ఓటు చీటీలు చేతుల్లో మడిచి పట్టుకుని ఉన్నారు.

"దిగుండ్రి, దిగుండ్రి, మనిషికి పానం మీదికొచ్చింది" అన్నాడు మా ఆయన.

ఒక అవ్వ కర్ర ఊతంగా అందరికంటే ముందు దిగింది. "ఓటు ఏడికి పోతది బిడ్డా, నడిచి పోతం. జల్ది తీస్కపోండ్రి" అంది. మిగతావాళ్లూ దిగి, మగవాళ్లు ఇద్దరు ఆయన్ని ఎత్తి ఆటోలో వేయడానికి సాయం పట్టారు.

దవాఖానలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "రోజూ తాగుతాడా? ఎప్పుడు మానేశాడు?"

ఆయన భార్య నా వైపు చూసింది. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. సీసా తీసేసిన సంగతి కూడా దాచలేదు. డాక్టరమ్మ ఇంజక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టించి, మమ్మల్ని పక్కకు పిలిచింది. కోప్పడలేదు. "చూడమ్మా, ఇంతగా అలవాటైన వాళ్లు ఒక్కసారిగా ఆపితే ఒంటికి ఇట్లనే అవుతుంది. ప్రాణం కూడా పోవచ్చు. మానిపించాలంటే మందులు ఇస్తూ, చూసుకుంటూ మానిపించాలి. బంద్ పెట్టినప్పుడల్లా మాకు ఇలాంటి కేసులు వస్తుంటాయి" అంది.

బయట బెంచీ మీద ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నేనే చంపుకుంటుంటి అక్కా."

నేను ఆమె పక్కనే కూర్చున్నాను. మంచి పని చేశావని నిన్న అన్నది నేనే. అన్నేళ్లుగా ఆ బందును నేనూ దేవుడిచ్చిన సెలవులా అనుకున్నదాన్ని. మా వీధిలో అది నిజమే. మా ఆయన లాంటి వాళ్లు రెండు రోజులు తాగకపోతే ఇంట్లో శాంతి. కానీ ఊరు కాని ఊరుకు వచ్చి, అడిగేందుకు తెలిసిన మనిషి లేక, ఒళ్లు చెప్పే సంగతి నోటితో చెప్పుకోలేక గదిలో కొట్టుకునేవాడి వైపు నుంచి నేనెప్పుడూ చూడలేదు. బంద్ తప్పని ఇప్పటికీ అనను. ఒకే షట్టరు దింపితే ఒకరికి ఊపిరాడుతుంది, ఒకరికి ఆగిపోతుంది అని మాత్రం ఆ బెంచీ మీద తెలిసింది.

మూడో రోజుకు ఆయన మనుషులను ఆనవాలు పట్టాడు. నేను జావ కాచి తీసుకుపోయాను. ఆమె చెంచాతో తాగిస్తూ, కళ్లెత్తకుండా, "సీసా నేనే తీసేసిన. తారీఖులు గూడ కావాల్ననే పెట్టిన" అని చెప్పేసింది.

ఆయన నోట్లోని గుక్క మింగాడు. తర్వాత మెల్లగా, "ఎర్కే" అన్నాడు. "వచ్చిన నాడే సూట్‌కేస్ ఇప్పి చూసిన, లేదు. నీకోసం ఆగి చూద్దామనుకున్న. బ్రిడ్జి కాడ పోలీసోళ్లు నన్నేం ఆపలే. సగం దాక పోయి నేనే మర్లిన."

ఆమె చెంచా గిన్నెలో పెట్టేసింది. నేను వరండాలోకి వచ్చేశాను.

కోలుకున్నాక డాక్టరమ్మ రాసిచ్చిన కాగితంతో వాళ్లు సోలాపూర్ వెళ్లి అక్కడి పెద్ద దవాఖానలో చూపించుకున్నారు. ఆమె అప్పుడప్పుడు ఫోన్ చేసేది. ఎనిమిది నెలలు బాగున్నాడు, మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ చేర్పించింది. మా ఆయన ఆ రోజు ఆటోలో ఆయన తలను ఒళ్లో పెట్టుకుని పోయినవాడు. ఆ తర్వాత తాను కూడా తాగుడు పూర్తిగా మానేశాడని చెప్పను గానీ, సాయంత్రాలు చాలావరకు ఇంట్లోనే ఉంటున్నాడు.

మొన్న ఎండాకాలంలో వాళ్ల బిడ్డ పెళ్లికి పిలిస్తే ఇద్దరం సోలాపూర్ పోయాం. స్టేషన్‌కు ఆయనే వచ్చాడు. జుట్టు బాగా నెరిసింది. పెళ్లిలో బంతి బంతికీ తిరుగుతూ చారు పోశాడు. ఆమె దూరం నుంచి చూస్తూ, "ఇప్పటికి బాగున్నడు అక్కా. రేపటి ముచ్చట రేపు" అంది.