కడిగిన మాల్ట్

లీడ్స్‌కు వచ్చిన కొత్తలో మాకు ఫ్లాట్ వెతికిపెట్టింది, సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్‌లో, పేర్లు రాయించింది పక్క వీధి అంకుల్, ఆంటీ. గుంటూరు వైపు మనుషులు. దీపం పెట్టినప్పుడు వాళ్ళిద్దరినీ తలుచుకోకుండా నేను లేవను.

అంకుల్ ఏటా ఇంట్లోనే పేల్ ఏల్ అనే బీరు కాచేవారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో, అంటే మాల్ట్‌తో మొదలుపెట్టేవారు. హాప్స్ పూలు దండిగా వేసిన ఆ చేదు బీరు ఆంటీకి ఇష్టం. పెళ్ళిరోజు సాయంత్రం ఇద్దరూ చెరో గ్లాసు తాగేవారు. ఆంటీ పోయాక కూడా ఆ రోజున ఆయన రెండు గ్లాసులు పెట్టుకునేవారు.

కిందటేడు ఇల్లు అమ్మేసి కేంబ్రిడ్జ్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళడం ఖాయమైంది. ఆ ఇంట్లో అదే ఆఖరి పెళ్ళిరోజు. ఆయన చేతులు వణుకుతున్నాయి, పెద్ద గిన్నె ఎత్తలేరు.

"అమ్మాయీ, నువ్వు ముట్టవని తెలుసు. కాచి పెడతావా?" అన్నారు.

మా ఇంట్లోకి మద్యం రాదు. అయినా ఆయన అడిగితే కాదనలేకపోయాను.

నేను బడికి వెళ్ళలేదు. చదువు నాన్న దగ్గర, వంట నాయనమ్మ దగ్గర. ఏ గింజనైనా మూడు నీళ్ళు కడిగి, దణ్ణం పెట్టుకుని పొయ్యి ఎక్కించడం ఆవిడ నేర్పిన పద్ధతి. అంకుల్ హాల్లో కొడుకుతో ఫోన్ మాట్లాడుతుంటే, మరపట్టిన మాల్ట్‌ను తెల్లనీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా సింకులో కడిగాను.

ఆయన వచ్చి గిన్నెలోకి చూశారు.

"కడిగావా తల్లీ?"

"శుభ్రంగా కడిగాను అంకుల్."

"అయితే బీరంతా సింకు తాగేసింది." నవ్వారు. "తీపి వచ్చేది ఆ తెల్లపిండిలోంచే. ఆ తీపి పులిస్తేనే బీరు."

గిన్నె పక్కకు జరిపాను. "మళ్ళీ తెప్పిద్దాం."

"ఇవాళ కాస్తేనే పెళ్ళిరోజుకు అందుతుంది. కానీయ్. మీ ఆంటీ కూడా మొదటిసారి కడిగేసింది."

నిజమో, నా కోసం అన్నారో ఇప్పటికీ తెలియదు.

మిగిలినదాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, వడకట్టి, ఆ నీటిని హాప్స్‌తో మరిగించాం. పంపరపనస తొక్క గిల్లినట్టు వాసన వచ్చింది. చల్లార్చి ఈస్ట్ వేసి, పులిశాక సీసాల్లో పోశాం.

పెళ్ళిరోజున ఆయన ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు. "వాసన మాత్రం అదే," అన్నారు. ఆంటీ గ్లాసు నా ముందుకు జరిపారు. "వాసన చూడు, దానికి తప్పులేదులే."

చూశాను. అదే పంపరపనస. గ్లాసులో ఉన్నది వట్టి చేదునీళ్ళని ఆయన ముఖమే చెప్పింది. అయినా ఒక్క చుక్క మిగల్చలేదు.

ఈ ఏడు నేను ముందుగానే మాల్ట్ తెప్పించి ఫోన్ చేశాను. "ఈసారి కడగను అంకుల్. మా ఇంట్లోనే కాస్తాను, మా ఆయన సరేనన్నారు. సీసాలు ఆయనే కార్లో తెచ్చిస్తారు."

"డాక్టరు మానిపించేశాడమ్మా. చుక్క కూడా కూడదట. పారేయకు. పిల్లలకు జావ కాచి పొయ్యి."

కడగకుండానే కాచాను. పొట్టు వడకట్టి పాలు కలిపాను. బెల్లం వేయబోతూ రుచి చూస్తే అక్కర్లేదనిపించింది. అంత తీపి ఉంది అందులో. పిల్లలు ఇంకాస్త పోయమన్నారు. పోశాను గానీ, అది అంకుల్ గ్లాసులోకి చేరవలసిన తీపి.