తాళం వేసిన ఇళ్లు

మొన్న మా కాలేజీలో స్టోరు గది ఖాళీ చేయిస్తుంటే, తుప్పు పట్టిన బీరువా అడుగు అరలో సైక్లోస్టైల్ సిరా ట్యూబు ఒకటి దొరికింది. మూత దగ్గర గడ్డకట్టింది కానీ, వేలితో నొక్కితే లోపల ఇంకా మెత్తగానే ఉంది. కిరోసిన్‌లో ఆముదం కలిపినట్టుండే ఆ వాసన ముక్కుకు తగలగానే నేను ఉన్నచోటు మరిచిపోయాను. "పారేయమంటారా సార్?" అని అటెండరు రెండుసార్లు అడిగాడట. అప్పటికే నేను అనంతపురంలో రేకుల కప్పు కింద, ఎస్తేరు మేడం ముందు నిలబడి చీవాట్లు తింటున్నాను.

తొంభైల చివర్లో నేను అక్కడ ఒక చిన్న గ్రామీణ అధ్యయన కేంద్రంలో పరిశోధక విద్యార్థిగా చేరాను. మాది మడకశిర వైపు. ఇంట్లో గొర్రెలు, నోట్లో సగం కన్నడం. ఎస్తేరు మేడం ఆ కేంద్రానికి లైబ్రేరియన్. ఆమెది పామిడి. వాళ్లమ్మ కూలికి పోయి ఈమెను చదివించింది. ఆ సంగతి మేడం గొప్పగా చెప్పుకునేదీ కాదు, దాచుకునేదీ కాదు. పొట్టి మనిషి, నూలు చీర, ముక్కు మీదికి జారిపోయే కళ్లద్దాలు. డైరెక్టరుతోనైనా సరే, స్వీపరుతోనైనా సరే, కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడేది. మొదటి నెలలో నాకు ఆమె అంటే భయం, రెండో నెలలో కోపం. గౌరవం రావడానికి చాలా కాలం పట్టింది, అదీ నా గొప్పతనం వల్ల కాదు.

మా లైబ్రరీలో పుస్తకాల కంటే ఖాళీ అరలు ఎక్కువ. విదేశీ పత్రికలు తెప్పించుకునే స్తోమత లేదు. మా జిల్లా కరువు గురించి ఎవరో ఎక్కడో రాసిన వ్యాసం చదవాలన్నా బస్సెక్కి బెంగళూరుకో హైదరాబాదుకో పోవాలి. మేం రాసినవేమో సైక్లోస్టైల్ తీసి, దారంతో కుట్టి, పోస్టులో పంపేవాళ్లం. వాటిని ఎవరైనా చదివారో, పొట్లాలు కట్టుకున్నారో తెలిసేది కాదు. అలాంటి రోజుల్లో బెంగళూరు నుంచి వచ్చిన ఒక స్నేహితురాలు మేడంకు ఒక విషయం చెప్పింది. ఇంటర్నెట్‌లో ఆర్థికశాస్త్ర పరిశోధనా పత్రాలకు ఒక గ్రంథాలయం పెరుగుతోందట. ఎవరైనా వెతుక్కోవచ్చు, ఎవరైనా చేరవచ్చు. దానికి భవనం లేదు, యజమాని లేడు. దేశదేశాల్లో కొంతమంది జీతం బత్తెం లేకుండా నడుపుతున్నారట. నాకు సగమే అర్థమైంది. మేడం మాత్రం ఆ మధ్యాహ్నమే నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

"మీ ఊర్లో గొడ్లు మేపేదానికి ఒకడుంటాడు కదప్పా. పొద్దున్నే ఎవరి గొడ్లను వాళ్లు వాకిట్లో ఇడిస్తే, వాడొచ్చి అన్నీ తోలుకపోతాడు. ఇదీ అంతే. ఎవరి పత్రాల పట్టీ వాళ్లు రాసి వాళ్ల వాకిట్లోనే పెట్టుకోవల్ల. ఆ లైబ్రరీ వచ్చి అన్ని వాకిండ్లూ తిరిగి జమ చేసుకుంటాది. గొడ్డు మాత్రం మనదే."

తర్వాత ఎన్ని పెద్ద సభల్లో ఎంతమంది ఆ ఏర్పాటును వివరించగా విన్నా, నాకు ఇంతకంటే బాగా అర్థం కాలేదు. మాకు వాకిలి కూడా ఆ స్నేహితురాలే చూపించింది. బెంగళూరులో తమ సంస్థ కంప్యూటరులో మా పత్రాలకు కాస్త చోటు ఇప్పించింది. ఇక రోజూ ఉదయం టవర్ క్లాక్ దగ్గరి నెట్ సెంటరుకు మేడం ముందు, ఫ్లాపీల డబ్బాతో నేను వెనుక. ప్రతి పత్రానికీ పేరు, రాసినవాళ్లు, సారాంశం, వరుస సంఖ్య, ఇవన్నీ ఒక పద్ధతిలో పంక్తి కింద పంక్తి రాయాలి. ఒక్క పంక్తి తప్పినా ఫైలు తిరిగొచ్చేది. ఫైలు సరిగ్గా ఉన్న రోజు కరెంటు పోయేది. నలభై దాటాక మొదటిసారి కీబోర్డు ముట్టుకున్న మనిషి, పాత సైక్లోస్టైల్ పత్రాలన్నీ ఒంటి వేలితో మళ్లీ కొట్టింది. "వేరుశనగ మీద మనం రాసింది ఎవరు చదువుతారు మేడం?" అని ఒకరోజు విసుక్కున్నాను. ఆమె తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు.

"చదవకపోతే వాళ్ల ఖర్మ. చదవల్లనుకున్నోనికి దొరకలేదంటే అది మన ఖర్మ."

మా పత్రాలను ఎంతమంది తెరిచారో చెబుతూ నెలనెలా ఆ గ్రంథాలయం నుంచి ఒక మెయిలు వచ్చేది. మొదటి నెల ముగ్గురు. "అందులో ఇద్దరం మనమే మేడం" అన్నాను. "ఆ మూడోవాడు యాడుండాడో, చల్లగా ఉండనీ" అంది. పట్టుదల అంటే నేను అక్కడే చూశాను. ఆమె మిగతా కాలేజీల లైబ్రేరియన్లకు కార్డుముక్కలు రాసేది. జవాబు రాయనివాళ్లకు మళ్లీ రాసేది. ఒకరిద్దరు చేరారు. మేం చేరినప్పుడు ఒక్క చూపులో చదివేయగలిగిన సంస్థల జాబితా, రెండేళ్లు తిరిగేసరికి ఎంత కిందికి జరిపినా అయిపోయేది కాదు. పేరు కూడా పలకలేని దేశాల నుంచి కొత్త వాకిళ్లు తెరుచుకుంటుంటే, మేడం వాటిని తన పుట్టింటివాళ్లు వచ్చినట్టు నాకు చూపించేది.

ఇంత పనిలోనూ ఆమెకు సొంతంగా ఒక నియమం ఉండేది. అది ఆ గ్రంథాలయం అడిగింది కాదు, లోకంలో మరెక్కడా ఉండి ఉండదు. ఏ ఊరి గురించి పత్రం రాశామో ఆ ఊరికి పోయి, దాని సారాంశం తెలుగులో చదివి వినిపించాలి. ఆ తర్వాతే ఫ్లాపీలోకి ఎక్కాలి. బడి వరండాలో నిలబడి ఆమె చదువుతుంటే కొందరు వినేవాళ్లు, కొందరు బీడీలు కాల్చేవాళ్లు. ఇదంతా కాలహరణమని డైరెక్టరు గొణిగేవాడు. నేనూ లోలోపల అదే అనుకునేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటాక ఒక కరువేడు, వేరుశనగ పీకడం అయిపోయిన నెలల్లో, శింగనమల చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో వలసల మీద ఇంటింటికీ తిరిగాను. ఇంట్లో ఎవరూ లేకపోతే ఆ ఇల్లు వదిలి పక్కింటికి పోవాలని మాకు నేర్పారు. అలాగే పోయాను. లెక్కలు వేసి చూస్తే పాడి పశువులు వచ్చిన ఊళ్లలో వలస బాగా తగ్గినట్టు తేలింది. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. కరువు సీమ నుంచి ఒక మంచి కబురు, అదీ నా పేరుతో. అదే సమయంలో ఒక విశ్వవిద్యాలయంలో లెక్చరరు పోస్టుకు ఇంటర్వ్యూ పడింది. నాయన అప్పటికే ఊళ్లో అందరికీ "మావోడు లెక్చరరు అయితాండాడు" అని చెప్పుకుని తిరుగుతున్నాడు. మేడం, వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేక పామిడిలో ఉంది. "నేను వచ్చినాక ఊర్లో చదువుదాం, అంతవరకు ఆగు" అని మరీ చెప్పి వెళ్లింది. నేను ఆగలేదు. ఫ్లాపీ జేబులో వేసుకుని టవర్ క్లాక్ దగ్గరికి ఒక్కణ్ణే పోయాను.

నెల తిరగకుండానే తూర్పు ఆఫ్రికాలోని ఒక కరువు ప్రాంతం నుంచి మెయిలు వచ్చింది. రాసినామె అక్కడి ప్రభుత్వం కోసం నివేదిక తయారు చేస్తోంది. పాడి పెరిగిన ఊళ్లలో పనికి ఆహారం పథకం ఆపేయవచ్చా అన్నది ప్రశ్న. ఆపవచ్చనడానికి నా పత్రాన్ని ఆధారంగా చూపిస్తానని, కృతజ్ఞతలని రాసింది. నేను ఆ మెయిలు ప్రింటు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. పామిడి నుంచి వచ్చిన మేడం దాన్ని నిలబడే చదివింది. మెచ్చుకుంటుందని చూస్తున్నాను.

"ఊర్లో చదివినావా?"

"లేదు మేడం. మీరు లేరని..."

"రేపు పొద్దున బస్సుకు పోతాండాం."

నేను సర్వే చేసిన ఊళ్లలో ఒకదాని బడి వరండాలో ఆమె మామూలుగానే చదివింది. చదవడం అయ్యాక గోడకు ఆనుకుని కూర్చున్న ముత్యాలమ్మ అనే నడివయసు కూలిమనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏ ఊరి సంగతమ్మా ఇది?"

"మీ ఊరిదే" అంది మేడం.

"మా ఇంటికి వచ్చినావా అప్పా?" అని ముత్యాలమ్మ నన్ను అడిగింది. ఏ ఇల్లో చూపించింది. వచ్చానని, తాళం వేసి ఉందని చెప్పాను.

"ఉండదా మల్ల? మేమంతా బెంగుళూర్లో ఇటికెలు మోస్తాంటిమి. నువ్వు ఊర్లో ఉన్నోళ్లను అడిగి, ఊర్లో అందరూ ఉండారని రాసినావు."

ఎవరో నవ్వారు. ముత్యాలమ్మ లేచి, "రా చూపిస్తా" అని వీధి వెంట నడిచింది. నేను సర్వేకు వచ్చినప్పుడు ఎవరెవరి ఇళ్లకు తాళాలు పడ్డాయో, ఎవరు ఏ ఊరికి పోయారో వేలు చూపిస్తూ చెబుతుంటే నేను పుస్తకంలో రాసుకున్నాను. రెండో వీధి సగం కాకముందే నాకు విషయం తెలిసిపోయింది. నా పత్రం తప్పు. కొంచెం తప్పు కాదు, తలకిందులు. వలస పోయినవాళ్లను వదిలేసి వలస తగ్గిందని రాశాను. దాన్ని పట్టుకుని ఎక్కడో తిండిగింజలు ఆపబోతున్నారు.

తిరుగు బస్సులో, "తీసేద్దాం మేడం. ఎవరికీ తెలియదు. ఇంటర్వ్యూ వచ్చే నెలే" అన్నాను.

"ఆ ఆఫ్రికా ఆమె దించుకునేసింది కదప్పా. ఈడ తీసేస్తే ఆడ పోతాదా? పత్రం తీసేస్తే తప్పు పోదు. తప్పు చేసినోడు కనపడకుండా పోతాడు, అంతే."

"మీకేం మేడం, మీ ఉద్యోగం మీకుంది" అనేశాను. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాను. ఆమెకు కోపం రాలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"మా యమ్మ కూడా మమ్మల్ని తీసుకుని తాళమేసే పోతాండె, బళ్లారి పక్క వరికోతలకు. అప్పుడు కూడా నీ మాదిరి ఎవరైనా లెక్కలు రాసుకునేకి వచ్చి పోయినారేమో. మేము లెక్కలోకే రాలేదేమో. ఎవరికి తెలుసు?"

ఆ తర్వాత నేను వాదించలేదు. వారం రోజులు ఆ ఊళ్లన్నీ మళ్లీ తిరిగాము. ఈసారి, సర్వే అప్పుడు తాళం పడి ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆగి, ఇంటివాళ్లనో పక్కవాళ్లనో అడిగి రాసుకున్నాము. పత్రం రెండో ప్రతి తయారైంది. మొదటి పేజీలో మొదటి మాటలు మేడం చెబితే నేను రాసినవి: "ఈ పత్రం మొదటి ప్రతిలో తాళం వేసిన ఇళ్లను లెక్కించలేదు. దాని ముగింపు తప్పు. ఆ తప్పును చూపించినది సర్వే చేసిన ఊరి వ్యవసాయ కూలీ ముత్యాలమ్మ." మొదటి ప్రతిని తీయలేదు. దాని పక్కనే ఇదీ ఉండేలా పెట్టాము. ఆఫ్రికాకు మెయిలు నా చేతే కొట్టించింది. ఆ నాలుగు పంక్తులు కొట్టడానికి నాకు పూటంతా పట్టింది.

ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి నా పత్రాల జాబితా చూసి, "నీ పత్రం తప్పని నువ్వే రాసుకున్నావేమయ్యా?" అని అడిగాడు. అవునన్నాను. పక్కనున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉద్యోగం రాలేదు. దానికి కారణం అదేనని ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. ఊళ్లో నాయన ముఖం చూడలేకపోయాను. పది రోజులు మేడంతో మాట్లాడలేదు. ఆమె మాత్రం ఏమీ జరగనట్టు, "ఆ ఫ్లాపీ ఇట్లియ్యప్పా" అంటూ పని చెబుతూనే ఉంది.

ఆఫ్రికా నుంచి జవాబు ఆలస్యంగా వచ్చింది. నివేదిక పక్కన పెట్టి ఆమె తన ఊళ్లకు మళ్లీ పోయిందట. అక్కడ ఇళ్లకు తాళాలు ఉండవట, గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెట్టి పోతారట. "అలాంటి ఇళ్లను నేనూ దాటుకుంటూ పోయాను. ఇప్పుడు లెక్కపెడుతున్నాను. పథకం ఆపమని రాయడం లేదు" అని ఉంది. మేడం ఆ మెయిలును నా చేత రెండుసార్లు చదివించుకుంది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, "పా, ఊర్లో చదివొద్దాం" అంది. చదివితే ముత్యాలమ్మ అంతా విని, "ఆడ కూడా ఇట్లనేనా" అంది నెమ్మదిగా. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

రెండేళ్లకు నాకు ఈ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. మేడం రిటైరై పామిడి వెళ్లిపోయి, అక్కడే పోయింది. ఆ గ్రంథాలయం ఇప్పుడు ఎంత పెరిగిందో నా ఊహకే అందదు. పరిశోధకులకు అది గాలీ నీరూ అంత మామూలు అయిపోయింది, ఎవరు ఒంటి వేలితో కొట్టి కొట్టి నింపారో ఎవరికీ పట్టదు. నాకు మాత్రం పట్టింపే. నా దగ్గర చదివే పిల్లలు సర్వేకు పోయి వస్తే, ముందు తలుపు తీయని ఇళ్ల జాబితా చూపించమంటాను. లేదంటే మళ్లీ పంపిస్తాను. వాళ్లు నన్ను చాదస్తుడంటారని తెలుసు.

ఈమధ్య వాళ్లలో ఒకమ్మాయి నా పాత పత్రం చూసి ఇబ్బందిపడుతూ వచ్చింది. "సార్, మీ మొదటి ప్రతి ఇంకా అలాగే కనిపిస్తోంది. మనం అడిగితే తీసేస్తారేమో, నేను మెయిలు పెట్టనా?" అంది. మంచి మనసుతోనే అడిగింది. ఇన్నేళ్ల కాలేజీ భాష ఆ క్షణంలో నా నోటికి రాలేదు.

"వద్దమ్మా. అది తప్పని చెప్పింది ముత్యాలమ్మ. ఆమె మాట ఉండల్లంటే నా తప్పు ఉండల్ల."